గీసిన దారి, నడిచిన దారి

"ఈ ఫైలులో సమయం లేదు" అని ఫోనులో నడకలు రాసుకునే యాప్ నాలుగోసారి చెప్పింది. దూరం ఇచ్చి సమయం ఇవ్వకపోతే వేగం ఎలా కడతావని ఇరవై ఆరేళ్లుగా పిల్లలను నిలబెట్టి అడుగుతున్న లెక్కల టీచరును నేను. అదే మాట ఫోను నాకు చెబుతుంటే అర్థం కావడానికి ఒక రాత్రి పట్టింది.

ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు సింహాచలం గిరి ప్రదక్షిణకు ఈసారైనా వెళ్లాలని నిశ్చయించుకున్నాను. 32 కిలోమీటర్లు. మోకాళ్లు ఏమంటాయో ముందే తెలుసుకోవాలని 2025 జూన్ 15, ఆదివారం నాడు ఒకసారి నడిచి చూద్దామనుకున్నాను. ప్రదక్షిణ రోజున దారి తెలియనక్కరలేదు, జనం వెంట పోతే చాలు. మామూలు ఆదివారం తెల్లవారుజామున మాత్రం అడుగుదామన్నా మనిషి కనిపించడు. అందుకని సైకిలు పిచ్చి ఉన్న మా అక్క కొడుకును అడిగాను. బెంగళూరులో కూర్చుని కంప్యూటర్‌లో మ్యాపు మీద దారి గీసి, జీపీఎక్స్ ఫైలుగా, అంటే దారిని పాయింట్లుగా రాసి ఉంచే ఫైలుగా, వాట్సాప్‌లో పంపాడు. "యాప్‌లో ఎక్కించుకో పిన్నీ, అదే చూపిస్తుంది" అన్నాడు. ఎక్కడ ఎక్కించాలో చెప్పలేదు.

ఫోనులో దించుకోగానే ఫైలు పేరు చివర ఎక్స్‌ఎంఎల్ అని ఇంకో తోక వచ్చి చేరింది. అది చూసి యాప్ అసలు ఫైలునే గుర్తించలేదు. పేరు మార్చి తోక కత్తిరించాను. ఫోనులో ఎక్కించే చోటే దొరకలేదు, లాప్‌టాప్ తీసి వెబ్‌సైటులోకి వెళ్లాను. అక్కడ "ఎక్కించు" అన్న బొత్తాం నొక్కితే పైన చెప్పిన జవాబు.

విసుగొచ్చి ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. ఇంత మామూలుగా ఉంటుందని అనుకోలేదు. వట్టి అక్షరాలే. ఒక్కో పాయింటుకు ఒక అక్షాంశం, ఒక రేఖాంశం. 17 పెట్టి చుక్క, తరవాత ఐదారు అంకెలు. 83 పెట్టి చుక్క, మళ్లీ ఐదారు అంకెలు. ఒక డిగ్రీ అక్షాంశం అంటే సుమారు 111 కిలోమీటర్లు కాబట్టి దశాంశ బిందువు తరవాత ఐదో స్థానం అంటే దాదాపు ఒక మీటరు. నా చెప్పుల జతను విప్పిన చోటుతో సహా చెప్పగల లెక్క అన్నమాట. కొన్ని పాయింట్లకు సముద్ర మట్టం నుంచి ఎత్తు కూడా ఉంది. సమయం మాత్రం ఎక్కడా లేదు. ఎలా ఉంటుంది? ఆ దారిలో ఎవరూ నడవలేదు కదా.

వాడికి ఫోను చేస్తే నవ్వాడు. "అది గీసిన దారి పిన్నీ, నడిచిన దారి కాదు. నువ్వు నడిచినవి దాచుకునే చోట పెడుతున్నావు. రూట్లు అని వేరే చోటు ఉంటుంది, అక్కడ పెట్టు."

జీపీఎక్స్ అన్నది 2002లో వచ్చిన పద్ధతి. ఇప్పుడు అందరూ వాడే 1.1 కూర్పు 2004 నాటిది. అందులో మూడు రకాలు రాసుకోవచ్చు: విడివిడి స్థలాలు, వెళ్లవలసిన రూటు, వెళ్లివచ్చిన ట్రాకు. పద్ధతి రాసినవాళ్లు ముచ్చటగా విడదీశారు గాని, దారి గీసే వెబ్‌సైట్లు చాలా వరకు గీసినదాన్ని కూడా ట్రాకు పేరుతోనే రాసేస్తాయి. కాబట్టి పేరు చూసి లాభం లేదు, పాయింటు పక్కన సమయం ఉందా లేదా అన్నది చూసుకోవాలి. ఉంటే అది వ్యాయామం, లేకపోతే అది దారి. నా కష్టమంతా ఈ ఒక్క ముక్క తెలియక.

రూట్ల చోట ఫైలు చప్పున ఎక్కింది. ఎక్కాక మొత్తం దూరం 28 కిలోమీటర్లని చూపించింది. నాలుగు కిలోమీటర్లు ఏమైనట్టు? దేవుడి దగ్గర తగ్గింపులు ఉండవు. మ్యాపును పెద్దది చేసి, ప్రదక్షిణ మొదలయ్యే తొలి పావంచా నుంచి వేలితో దారి వెంట పోయాను. అడవివరం దాటేవరకు బాగానే ఉంది. ముడసర్లోవ దగ్గర గీత రోడ్డు వదిలి జలాశయంలోకి దిగి, నీళ్ల మీద తేలే సౌర ఫలకల మీదుగా నడిచి అవతలి గట్టు ఎక్కింది. మా వాడు రోడ్డు వెంట కాకుండా దూరదూరంగా నాలుగు చోట్ల నొక్కి ఊరుకున్నాడు, వాటి మధ్య కంప్యూటర్ సూటి గీతలు గీసింది. చాపం కన్నా దాని రెండు చివరలను సూటిగా కలిపే జ్యా చిన్నదని పదో తరగతిలో చెబుతాను. ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు ఇంతవరకు దొరకలేదు. గీత రోడ్డును అంటిపెట్టుకునేలా ఒక బొత్తాం ఉంటుందట, అది పెట్టి మళ్లీ గీసి పంపాడు. 32కు కొంచెం అటూ ఇటూగా వచ్చింది.

ఆదివారం తెల్లవారుజామున 4:32కు తొలి పావంచా దగ్గర మొదలుపెట్టాము, నేనూ మా బడి సోషల్ టీచరూ. నడక గురించి వేరే రాస్తాను. ఇక్కడ కావలసింది ఒక్కటే. దారి చూపిస్తూ, నడక రాసుకుంటూ నా ఫోను హనుమంతవాక, అప్పూఘర్ దాటి ఇసుకతోట దాకా వచ్చి చచ్చిపోయింది. అదృష్టం బాగుండి సంచిలో పాత ఫోను కూడా పెట్టుకున్నాను. అందులో వేరే ఉచిత యాప్ మొదటి నుంచి చివరి దాకా నడకను రాసుకుంది. సాయంత్రం దాని నుంచి జీపీఎక్స్ ఫైలు తీశాను. ఇది నడిచిన దారి, సమయం ఉంది, ఈసారి నాకు తిరుగులేదు అనుకుంటూ ముందుగా నోట్‌ప్యాడ్‌లోనే తెరిచాను.

మొదటి పాయింటు పక్కన తేదీ జూన్ 14, సమయం 23:02 అని ఉంది, దాని చివర ఇంగ్లిషు జెడ్ అక్షరం. ఆదివారం నడిస్తే శనివారం అంటుందేమిటి? ఫోను గడియారం తప్పిందనుకుని, సమయం ముందుకు జరిపే ఒక ఉచిత వెబ్‌సైటు వెతికి, అయిదున్నర గంటలు కలిపి, ఆ ఫైలును ఎక్కించాను. యాప్ ఎంతో సంతోషంగా, నేను పొద్దున్న 10:02కు బయలుదేరానని చూపించింది. జూన్ ఎండలో, విశాఖలో!

జెడ్ అంటే గ్రీనిచ్ సమయం అని గుర్తు. ఫైలులో ఎప్పుడూ అదే రాస్తారు, మన సమయంలోకి మార్చుకునే పని యాప్‌ది. నేను ఒకసారి కలిపాను, అది ఇంకోసారి కలిపింది. సిగ్గేసింది, ఎందుకంటే మన సమయానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం మా పక్కన కాకినాడ దగ్గర నుంచే పోతుంది. దాన్ని 15తో భాగిస్తే అయిదున్నర గంటలు వస్తుందని బోర్డు మీద చేసి చూపించేది నా పక్కన నడిచిన సోషల్ టీచరే. ఆమెకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

తప్పుడు నడకను తుడిచేసి, ముట్టుకోని అసలు ఫైలు ఎక్కించబోతే ఇంకో అడ్డు: ఇది ముందే ఉన్న నడకలాగే ఉందని యాప్ ఒప్పుకోలేదు. ఇసుకతోట దాకా నడిచిన సగం అందులో ఉంది కదా, రెండింటి మొదలూ ఒకటే. సగాన్ని తుడిచాకగాని మొత్తం ఎక్కలేదు. ఆ సగం కింద మా తోడికోడలు "శభాష్ అక్కా" అని రాసిన మాట కూడా దాంతోపాటే పోయింది. తుడిస్తే తిరిగి రాదు. ఈ అవస్థ ఎవరికైనా వస్తే అసలు ఫైలు నకలు ఒకటి పక్కన పెట్టుకున్నాకే తుడుపు బొత్తాం జోలికి వెళ్లండి.

చివరికి మ్యాపు మీద కొండ చుట్టూ గీత సాఫీగా మూసుకుంది. 33 కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. ఆ పై కిలోమీటరు ఎక్కడిదా అని వెతికితే మాధవధార దగ్గర దారం ఉండ చిక్కుపడినట్టు ఒక గీతల గుట్ట కనిపించింది. అక్కడ అరుగు మీద కూర్చుని ఇరవై నిమిషాలు టీ తాగుతూ కాళ్లు చాపుకున్నాము. మనం కదలకపోయినా ఫోనుకు అందే స్థానం అటూ ఇటూ అయిదారు మీటర్లు ఊగుతూనే ఉంటుంది, అది అంతా నడకే అనుకుని రాసుకుంటుంది. కత్తిరించవచ్చని మా వాడు అన్నాడు. ఉండనీ అన్నాను.

మొన్న వాడు విశాఖ వచ్చి, ఆ దారిలో నడుస్తానని నా ఫైలు అడిగి తన ఫోనులో రూటుగా పెట్టుకున్నాడు. ఏడున్నరకు ఫోను చేశాడు.

"పిన్నీ, మాధవధారలో ఒక టీ కొట్టు ముందు ఉన్నాను. ఇక్కడే గుండ్రంగా తిరగమంటోంది. ఎన్నిసార్లు తిరగాలి?"