సలౌ సముద్రంలో ఉప్పెంత

నెల్లూరు దగ్గర సముద్రం ఒడ్డునుండే మైపాడు రోడ్డులో రొయ్యల గుంటలు పెట్టుకున్నోడు సముద్రం చూసేదానికి స్పెయిన్ దాకా పోవాల్నా అని ఊళ్ళో అందరూ ఎకసెక్కాలాడారు. పనిగట్టుకుని పోలేదు లెండి. మా అమ్మాయీ అల్లుడూ బార్సిలోనాలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఎండాకాలం పంట పట్టుబడి అయిపోయింది, గుంటలు ఎండగట్టి ఉన్నాయి, జూన్‌లో నేనూ మా ఆవిడా విమానం ఎక్కాం. వాళ్ళకి సెలవులు దొరకంగానే మనవణ్ణీ మమ్మల్నీ వెంటేసుకుని సలౌ అనే ఊరికి తీసుకుపోయారు. బార్సిలోనాకి దక్షిణంగా దాదాపు 110 కిలోమీటర్లు. రోమన్ల కాలం నాటి తారగోనా దాటగానే వస్తుంది. ముప్పై వేల జనాభా ఉన్న చిన్న ఊరు. వేసవి వస్తే ఫ్రాన్స్ నుంచీ బ్రిటన్ నుంచీ పిల్లల్ని వేసుకుని వచ్చే కుటుంబాలతో కిటకిటలాడుతుంది.

బీచ్‌లోకి దిగగానే నేను చేసిన పని, దోసిట్లో నీళ్ళు తీసి నాలిక్కి రాసుకోవడం. మా ఆవిడ అటు తిరిగి నిలబడింది. నీళ్ళలో ఉప్పు కొలిచే సెలినిటీ మీటరు కూడా తెచ్చుకుందామనుకున్నాను గానీ ఆవిడే సూట్‌కేసులోంచి తీసి బీరువాలో పడేసింది. మీటరు లేకపోయినా తెలిసిపోతుంది, మధ్యధరా నీళ్ళు కటిక ఉప్పు. లీటరుకి 38 గ్రాముల దాకా ఉంటుంది. మన గుంటల్లో 15, 20 ఉంటే మేం పెంచే వెనామీ రొయ్య హాయిగా పెరుగుతుంది. ఎండలకి 35 దాటిందంటే మనకి నిద్ర ఉండదు. అక్కడ ఎండకి ఆవిరయ్యే నీళ్ళు ఎక్కువ, నదులూ వానలూ తెచ్చి పోసేవి తక్కువ. ఆ లోటు పూడ్చేదానికి అట్లాంటిక్ నీళ్ళు స్పెయిన్‌కీ ఆఫ్రికాకీ మధ్యనున్న జిబ్రాల్టర్ సందులోంచి పైపైన లోపలికొస్తాయి, ఉప్పెక్కి బరువైన నీళ్ళు అడుగునుంచి బయటికి పోతాయి. నా గుంట తూము కూడా ఇంత తెలివిగా పనిచెయ్యదు.

ఆ సందు సన్నగా ఉన్న చోట 14 కిలోమీటర్లే. దాదాపు మూసేసినట్టుండే ఆ సముద్రంలో పోటూ ఆటూ లేనట్టే లెక్క. నీళ్ళు జానెడు లేస్తే గొప్ప. పోటు చూసుకుని కాలవలోంచి నీళ్ళు తోడుకునే మా బోటోళ్ళకి ఇదొక వింత. మా ఆవిడ చెప్పులు నీళ్ళకి బాగా ఎడంగా పెట్టి, అయినా నమ్మకం లేక పదిసార్లు వెనక్కి తిరిగి చూసుకుంది. మనవడు గట్టు పక్కనే చిన్న గుంట తవ్వాడు. చుట్టూ కట్ట వేశాడు, నీళ్ళొచ్చేదానికో దారి, పోయేదానికో దారి పెట్టాడు, నీళ్ళలో గాలి కలిపే ఏరేటరు అని ఐస్‌క్రీము పుల్ల గుచ్చాడు. వాడికి ఇవన్నీ ఎవరూ నేర్పలేదు, నెల్లూరొచ్చినప్పుడు చూసిందే. మైపాడులో అయితే మొదటి కెరటానికే పోయేది. ఇక్కడ సాయంత్రం దాకా చెక్కు చెదరలేదు. పొద్దున్నే పోయి చూస్తే లేదు. సముద్రం తీసుకుపోయిందని వాడు ఏడుపు. సముద్రం కాదు, తెల్లారేలోపు ఇసక చదును చేసే ట్రాక్టరు తీసుకుపోయింది. రోజూ జల్లెడ పట్టినట్టు చేసి పోతారంట.

ఊరి ముందున్న పెద్ద బీచ్ పేరు లెవాంత్. కిలోమీటరు పైన పొడుగు, మెత్తటి పసుపు రంగు ఇసక. నడుములోతు నీళ్ళ కోసం చాలా దూరం నడవాలి. కెరటం ఉండీ లేనట్టు ఉంటుంది. మన దగ్గర అట్టా కాదు. బంగాళాఖాతం బారుగా తెరుచుకుని ఉంది, కెరటం వెనక్కి పోతా కాళ్ళ కింద ఇసకని లాగేస్తుంది. కార్తీకమాసంలో మైపాడుకి పోయినోళ్ళందరికీ తెలుసు, పిల్లల చెయ్యి వదిలితే గుండె జారుతుంది. సలౌలో కాపలా గోపురం మీద జెండా ఉంటుంది. పచ్చజెండా అయితే దిగొచ్చు, పసుపయితే జాగ్రత్త, ఎర్రదయితే ఎవరూ దిగరు. ఈలేసి తరిమే పని పడదు.

బార్సిలోనా, సలౌ ఉన్న కాటలోనియా ప్రాంతపు ప్రభుత్వం సలౌకి కుటుంబాలకి అనువైన ఊరని ముద్ర ఇచ్చింది. ఆ ముద్ర విలువ నాకు మా ఆవిడని చూస్తే తెలిసింది. మోకాళ్ళ నొప్పుల మనిషి, ఇసకలో నడవలేదు. ఇసక మీద చెక్కలు పరిచిన దారి ఉంది, దాని మీద నీళ్ళ దాకా పోయింది. మైపాడుకి కూతవేటు దూరంలో కాపురం చేస్తా ఇన్నేళ్ళలో మోకాలు దాటి దిగని ఆడమనిషి అక్కడ చుడీదారుతో మెడలోతుకి దిగి కూర్చుంది. ఎంత పిలిచినా రాదు. సముద్రం అంత నచ్చిందా అని అడిగాను.

"సముద్రానికేముంది అబ్బయా, మనదీ సముద్రమే. ఈడ బయటికొస్తే ఒళ్ళు కడుక్కునేదానికి నీళ్ళున్నాయి, గుడ్డలు మార్చుకునేదానికి చాటుంది. మైపాడులో తడిస్తే ఇంటికాడిదాకా తడిసిన గుడ్డలతోనే రావాలి" అంది.

అలలూ లోతూ అని నేను పైన రాసిందంతా పక్కన పెట్టేయచ్చు. ఆడోళ్ళు మన బీచ్‌లో గట్టు మీదే కూర్చుని సంచులు కాపలా కాసేది కెరటాలకి భయపడి కాదు.

సంచుల కాపలా నాకూ తప్పలేదు, పోర్ట్‌అవెంచురాలో. 1995లో మొదలైన పెద్ద పార్కు అది, సలౌని ఆనుకునే ఉంటుంది. అందులో శంభల అని మన పేరే పెట్టిన రోలర్‌కోస్టరు 76 మీటర్ల ఎత్తు, పక్కన ఫెరారీ ల్యాండ్‌లో ఇంకోటి 112 మీటర్లు. అమ్మాయీ అల్లుడూ ఎక్కారు. టికెట్టు రేటు గురించి మాట్లాడను. పామ్ చెట్ల కింద జౌమే రాజు పేరున్న రోడ్డు ఇంతకన్నా నచ్చింది నాకు. ఆయన 1229లో మయ్యోర్కా దీవిని గెలిచేదానికి ఓడలు కదిలించింది ఈ సలౌ నుంచే. జూన్‌లో తొమ్మిదిన్నర దాకా వెలుతురే, రాత్రి పదకొండింటికి కూడా చిన్నపిల్లలు ఆ రోడ్డు మీద సైకిళ్ళు తొక్కుతుంటారు. కసిరే తాతలు ఒక్కరూ లేరు.

ఒకరోజు భోజనానికి చేపలూ రొయ్యలూ వేసిన అన్నం తెప్పించారు. బియ్యం ఎక్కడివంటే దక్షిణంగా గంట దూరంలో ఉన్న ఎబ్రో నది డెల్టావంట. బియ్యం మాటొస్తే నెల్లూరోడు ఊరుకుంటాడా, అల్లుణ్ణి బయల్దేరదీశాను. కాలవలు, వరి కయ్యలు, కొంగలు, అచ్చం మన నెల్లూరు పక్క విడవలూరు పోయినట్టే ఉంది. పైన కట్టిన డ్యాములు ఒండ్రుని ఆపేస్తున్నాయి, అందుకే డెల్టా కుంగుతోంది, సముద్రం కోసుకుపోతోంది అని అక్కడోళ్ళ బాధ. మన పెన్నా మీది సోమశిల డ్యాము గుర్తొచ్చింది, ఎక్కువ మాట్లాడలేదు.

సలౌ పక్కనే కాంబ్రిల్స్. అక్కడ రేవు ఉంది. పొద్దున పోయిన బోట్లు సాయంత్రానికి తిరిగొస్తాయి, సరుకు వేలానికి పోతుంది. బజార్లో ఐసు మీద ఎర్ర రొయ్యలు పేర్చి పెట్టారు. వండకముందే ఎరుపు, తల పెద్దది, మీసాలు బారెడు. చెయ్యి పెట్టి తూకం చూడబోతే అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది. కంటిచూపుతోనే ముప్పై కౌంటు, అంటే కిలోకి ముప్పై తూగే సైజు, ఉంటుందనుకున్నాను. చీటీ మీద కిలో ఎనభై యూరోలు. మన డబ్బుల్లో ఏడు వేలు దాటుతుంది. మనకి ముప్పై కౌంటుకి ఎంతిస్తున్నారో నేను చెప్పాల్సిన పన్లేదు.

ఫొటో తీసి గుంటల్లో నా భాగస్తుడు మా బావకి పంపాను. నెల్లూరులో అర్ధరాత్రి అయి ఉంటుంది, అయినా వెంటనే ఫోనొచ్చింది.

"బావా, దీని సీడు, పెంచేదానికి పిల్లలు, యాడ దొరుకుద్ది?"

వందల మీటర్ల లోతులో, చీకట్లో, చల్లటి నీళ్ళలో బతికే రకం అది, గుంటల్లో పెంచే జాతి కాదు అని చెప్పాను.

"పోనీ, రేటయినా కనుక్కున్నావు. మేత అమ్మే ఫీడోడు మళ్ళీ ధర పెంచాడు, బిల్లు వాట్సాప్‌లో పెడతా చూడు" అని పెట్టేశాడు.