గొంతులో గడ్డ, సూది చెప్పలేని మాట

నా మెడలో గడ్డని మొదట చూసింది నేను కాదు, మా ఆడపడుచు. ఒక పెళ్ళిలో పక్కపక్కన కూర్చుని భోంచేస్తుంటే, "వదినా, నువ్వు మంచినీళ్ళు తాగినప్పుడల్లా మెడలో ఏదో పైకీ కిందకీ ఆడుతోందేంటి?" అంది. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి గ్లాసుడు నీళ్ళూ గుటక గుటకగా తాగి చూసుకున్నాను. నిజమే. నల్లపూసలకి కాస్త పైన, కుడివైపు, ఉసిరికాయంత ఉంది.

"నొప్పుందా?" అని అడిగినవాళ్ళే అందరూ. లేదంటే, "అయితే ఏం కాదులే" అని తేల్చేసేవాళ్ళు. ఆ లెక్క తప్పని తరవాత తెలిసింది. క్యాన్సర్ గడ్డలు చాలావాటికి మొదట్లో నొప్పే ఉండదు. చీముగడ్డలే సలుపుతాయి.

తెనాలిలో మా డాక్టరుగారు గడ్డ థైరాయిడ్ గ్రంథిలో ఉందని రక్తపరీక్ష రాశారు. టీఎస్‌హెచ్ నార్మల్ వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపే ఆయన, "ఇది గ్రంథి పని ఎలా చేస్తోందో చెబుతుందమ్మా, గడ్డ ఎలాంటిదో చెప్పదు. స్కానింగ్ తీయిద్దాం" అన్నారు. స్కానింగ్ రిపోర్టులో 2.8 సెంటీమీటర్ల గడ్డ, దాని కింద 'టైరాడ్స్ 4' అని ఉంది. మా ఆయన అది చూసి ముఖం తెల్లబోయి కూర్చున్నారు. 4 అంటే నాలుగో స్టేజీ అనుకున్నారు పాపం, నాకు చెప్పలేక. స్టేజీ కాదు. స్కానింగ్‌లో కనిపించిన తీరుని బట్టి గడ్డకి వేసే అనుమానపు మార్కు అది, 1 నుంచి 5 దాకా ఉంటుంది. గడ్డ గట్టిగా ఉందా నీటితిత్తా, అంచులు నున్నగా ఉన్నాయా, వెడల్పు కంటే ఎత్తు ఎక్కువగా ఉందా, లోపల చుక్కల్లా మెరుపులున్నాయా, ఇవన్నీ చూసి వేస్తారట. 4 వచ్చి, సైజు సెంటీమీటరున్నర దాటితే నీడిల్ టెస్టు, అంటే సూదితో గడ్డలోంచి కణాలు లాగి చూసే పరీక్ష, చేయించమంటారు.

మా అత్తయ్య అడ్డం పడింది. "సూది గుచ్చితే లోపలున్నది ఒళ్ళంతా పాకుతుందే, గుచ్చనివ్వకు" అని. ఆ మాట ఆవిడ ఒక్కదానిదే కాదు, మా వీధి వీధంతా అదే నమ్మకం. డాక్టరుగారిని అడిగితే, థైరాయిడ్‌కి ఈ పరీక్ష ఎన్నో ఏళ్ళుగా లోకమంతా చేస్తున్నారనీ, అలా పాకడం మహా అరుదనీ, పరీక్ష మానుకుంటేనే ప్రమాదమనీ చెప్పారు. గుంటూరులో చేయించుకున్నాను. సన్నటి సూది, రెండు మూడు పోట్లు, పది నిమిషాల పని. "గుటక వెయ్యకండి" అన్నారు. అలా అనగానే ఎంత గుటక వెయ్యాలనిపిస్తుందో!

అసలు నరకం రిపోర్టు చేతికొచ్చాక మొదలైంది. శుక్రవారం సాయంత్రం కౌంటర్లో కవరు ఇచ్చి, "డాక్టరుగారు సోమవారం వస్తారు" అన్నారు. తెరవకుండా ఉండగలమా? బస్సులో తెరిచాను. 'బెథెస్డా 4, ఫాలిక్యులర్ నియోప్లాజం' అని ఉంది. మళ్ళీ 4! ఫోన్లో నియోప్లాజం అని కొట్టి చూస్తే తెరంతా క్యాన్సరే. ఆ మాటకి అర్థం 'కొత్తగా పెరిగినది' అని మాత్రమేననీ, మంచి గడ్డా చెడ్డ గడ్డా రెండూ దాని కిందకే వస్తాయనీ సోమవారం దాకా నాకెవరు చెబుతారు? ఒక్క ముక్క కవరు మీద రాసిచ్చినా మా ఇంట్లో మూడు రాత్రుల నిద్ర మిగిలేది. బెథెస్డా కూడా స్టేజీ కాదు, అమెరికాలో ఒక ఊరు. సూది పరీక్ష ఫలితాల్ని అందరూ ఒకే భాషలో రాయాలని 2007లో అక్కడ నిపుణులు కూర్చుని ఆరు రకాలుగా విడగొట్టారు. రెండోది మంచిది, ఆరోది క్యాన్సర్. మధ్యలోవి ఏదీ తేల్చకుండా మనల్ని చంపేవి.

సోమవారం మా నాన్న కూడా వచ్చాడు. సర్జన్‌గారిని సూటిగా అడిగాను, "క్యాన్సరా, కాదా?"

"సూది చెప్పలేదమ్మా."

"మరెందుకు గుచ్చారండీ?"

ఆయన నవ్వి, మందుల చీటీ వెనక ఒక గుండ్రం గీశారు. కొన్ని థైరాయిడ్ క్యాన్సర్లు, ముఖ్యంగా పాపిల్లరీ అనే రకం, కణాన్ని చూస్తేనే పట్టుబడతాయట. ఈ ఫాలిక్యులర్ రకంలో మంచి గడ్డ కణాలూ చెడ్డ గడ్డ కణాలూ ఒకేలా ఉంటాయి. తేడా అంతా గడ్డ చుట్టూ ఉండే పొర దగ్గర. మంచిదైతే ఆ పొర లోపలే పెరుగుతుంది, పక్కవాటిని నెడుతుందే తప్ప వాటిలోకి దూరదు. చెడ్డదైతే పొరని చీల్చుకుని బయటికొస్తుంది, లేదా అక్కడి రక్తనాళంలోకి దూరి ఊపిరితిత్తులకో ఎముకలకో పోయి కాపురం పెడుతుంది. "బత్తాయిలో సూది గుచ్చి రసం లాగితే తొక్కకి బెజ్జం ఉందో లేదో తెలుస్తుందా? కాయ మొత్తం కోసి తొక్క చుట్టూ చూడాలి" అన్నారు.

అంతదాకా నోరు విప్పని మా నాన్న, "అంటే గట్టు తెంపి పక్క చేలోకి వచ్చిందా లేదా అనేగా డాక్టరుగారూ" అన్నాడు. సరిహద్దు తగాదాతో పదేళ్ళు తిరిగిన మనిషి. "అంతేనండీ" అన్నారాయన. ఇలాంటి రిపోర్టు వచ్చిన నూరుమందిలో సుమారు 30 మందికి క్యాన్సర్ తేలుతుందనీ, మిగతావాళ్ళకి తేలదనీ చెప్పారు.

పేపర్లలో బినైన్‌ని 'నిరపాయకరం' అనీ మాలిగ్నెంట్‌ని 'ప్రాణాంతకం' అనీ రాస్తుంటారు. నాకిప్పుడు ఆ రెండు మాటలూ నచ్చవు. పుర్రె లోపల పెరిగే మంచి గడ్డ కూడా మెదడుని నొక్కి మంచాన పడేస్తుంది. థైరాయిడ్ క్యాన్సర్లేమో చాలావరకు నయమయ్యేవే. పేరు చివర చూసి పోల్చుకుందామన్నా కుదరదు. లైపోమా ఒట్టి కొవ్వు గడ్డ, మెలనోమా చర్మానికి వచ్చే చెడ్డ క్యాన్సర్.

కుడి సగం గ్రంథి తీసేశారు. గొంతు నరం గ్రంథిని ఆనుకునే పోతుంది కాబట్టి మాట బొంగురుపోవచ్చని ముందే సంతకం పెట్టించుకున్నారు. టీచర్ని, నాకున్న ఆస్తి ఆ గొంతే. రెండు వారాలు బొంగురుగానే ఉండి తరవాత సర్దుకుంది. ఆపరేషన్ బల్ల మీదే పరీక్ష చేసి చెప్పెయ్యొచ్చుగా అని మా ఆయన అడిగితే, ఈ రకంలో హడావుడిగా ఒకటి రెండు ముక్కలు చూస్తే నమ్మకం కుదరదన్నారు. గడ్డని ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో పోతపోసి, వెంట్రుక కంటే పల్చగా తరిగి, రంగు వేసి, పొర చుట్టూరా వెతకాలి. తొమ్మిది రోజులు పట్టింది.

'ఫాలిక్యులర్ అడినోమా. పొర దాటలేదు. రక్తనాళాల్లో చొరబాటు లేదు.' నాన్నకి ఫోన్ చేసి, "గట్టు బాగానే ఉంది నాన్నా" అన్నాను. అవతల్నించి కాసేపు మాట రాలేదు.

మిగిలిన సగం గ్రంథికి పని సరిపోక ఆరు వారాల తరవాత టీఎస్‌హెచ్ పెరిగింది. రోజూ పరగడుపున థైరాయిడ్ మాత్ర. మొన్న పొద్దున అత్తయ్య కాఫీ తెచ్చిస్తూ, "మంచి గడ్డేనన్నారుగా, మరి అంత కోత ఎందుకు కోయించుకున్నట్టే?" అంది.

"కోశాకే కదా అత్తయ్యా, అది మంచిదైంది" అన్నాను. మాత్ర వేసుకుని ఇంకా అరగంట కాలేదు. కాఫీ మీద మూత పెట్టాను.