కోసింది పొట్టలో, నొప్పి భుజంలో

గాల్‌బ్లాడర్ తీయించుకుని మూడు రోజులు. పొట్ట మీద నాలుగు బుల్లి కుట్లు, వాటి సంగతి సరే. ఈ కుడి భుజం ఇలా లాగేస్తోందేంటి?

అత్తయ్య "తలగడ సరిగ్గా లేదే" అని తేల్చేసింది. డాక్టరుగారేమో నవ్వారు. లాప్రోస్కోపీకి, అంటే బుల్లి కోతల్లోంచి కెమెరా దూర్చి చేసే ఆపరేషన్‌కి, పొట్టలో కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. మిగిలిన గ్యాస్, పొట్టకీ ఛాతీకీ మధ్య తెరలా ఉండే కండరం డయాఫ్రమ్‌ని రేపుతుంది. దాని కబురు మోసే నరమూ, భుజం నరాలూ మెడ దగ్గర వెన్నుపాములో ఒకేచోట చేరతాయి. మెదడు అడ్రస్ తప్పు చదువుతుందన్నమాట, మా లంకలో ఒకే ఇంటిపేరున్న ఇళ్ళకి ఉత్తరాలు మారిపోయినట్టు!

చీర కుచ్చెళ్ళు తగిలితే కుట్టు చురుక్కుమనడం మాత్రం వేరే కథ. కోసినచోట పుట్టే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు నరాల కొసల్ని రెచ్చగొడతాయి, ఉత్త స్పర్శ కూడా మంటే.

సాయంత్రం కాలవగట్టు మీద, వంతెన దాకా నడిచాను. భుజం కాస్త తేలికపడింది. దగ్గు మాత్రం వద్దు స్వామీ.