ఇంజిన్ మార్చింది ఒక్క ఆదివారంలో, నంబరు చూపించింది మూడు వారాలకు

నాన్న బండికి మార్చిన ఇంజిన్ నంబరును ఆర్టీవో ఆఫీసులో చూపించే పని నిన్న సాయంత్రానికి అయిపోయింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

బండి నాన్నది, 1991 నాటి యమహా ఆర్‌ఎక్స్ 100. చెన్నైలో పెరంబూరు రైల్వే క్యారేజ్ వర్క్స్‌లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన దానిమీదే తిరిగారు. ఆమధ్య అన్నానగర్‌లో నేను నడుపుతుండగా చైను తెగింది. తెగిన చైను ముందు స్ప్రాకెట్ (చైను తిప్పే పళ్ళచక్రం) దగ్గర ముద్దకట్టి క్రాంక్‌కేసును, అంటే ఇంజిన్ కింది పెట్టెను, పగలగొట్టింది. చైను సాగింది, మార్చమని నాన్న రెండు నెలలుగా చెబుతూనే ఉన్నారు. ఆ సంగతి ఇక్కడ ఒప్పుకుంటున్నాను, ఇంట్లో మాత్రం ఒప్పుకోలేదు.

స్నేహితులందరూ ఆర్‌ఎక్స్ 135 ఇంజిన్ పెట్టమన్నారు. అది ఈ ఫ్రేములో ఏ కోతా లేకుండా కూర్చుంటుంది, లాగుడూ ఎక్కువే. కానీ ఆర్‌సీలో 98 సీసీ అని ఉంటే బండిలో 132 సీసీ ఉంటుంది. పదిహేనేళ్ళు దాటిన బండిని ఐదేళ్ళకోసారి రెన్యువలుకు తీసుకువెళ్ళి చూపించాలి కదా, అప్పుడేం చెబుతాం? అందుకని 100 ఇంజినే వెతికాను. పాత బండి సామాన్లు అమ్మే పుదుపేటలో మూడు ఆదివారాలు తిరిగాను. కాగితాలు అడగగానే ముఖం తిప్పుకున్నవాళ్ళే ఎక్కువ. చివరికి ఒకాయన రద్దయిన బండి ఆర్‌సీ నకలు, ఇంజిన్ నంబరు వేసిన బిల్లు రెండూ ఇచ్చాడు. బిల్లు ఇవ్వనివాడు సగం ధరకు ఇస్తానన్నా తీసుకోకండి.

బిగించడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. సైలెన్సరు, కార్బురేటరు, క్లచ్ కేబులు, వైర్లు విప్పి, కింద ఇటుకలు పేర్చి, బోల్టులు లాగితే పాతది దిగిపోయింది. కొత్తది మా తమ్ముడూ నేనూ చెరోవైపు పట్టుకుని ఎక్కించాం. ఒక్క విషయంలో మాత్రం నన్ను నేనే మెచ్చుకోవాలి. ఈ బండిలో టూటీ ఆయిలు (టూ స్ట్రోక్ ఇంజిన్లో పెట్రోలుతో కలిసి కాలే ఆయిలు) విడిగా పంపు ద్వారా వెళుతుంది. ఇంజిన్ మార్చినప్పుడు ఆ గొట్టంలో గాలి చేరుతుంది. అది తీయకుండా నడిపితే ఆయిలు అందక పిస్టను పట్టేస్తుంది. నేను పంపు మీది స్క్రూ వదులుచేసి, బుడగలు ఆగేదాకా ఆయిలు కారనిచ్చాను. అదీ చాలదని మొదటి రెండు లీటర్ల పెట్రోలులో లీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున ఆయిలు కలిపాను. మా వీధి మెకానిక్కుకు ఈ ఓపిక లేదు. నాలుగో కిక్కుకు బండి అందుకుంది. వంటింట్లోంచి అమ్మ "ఆ పొగ ఏమిటిరా" అని అరిచింది. ఆ అరుపు నాకు సన్నాయి పాటలా వినిపించింది.

ఇంతవరకే చేసి ఉంటే బాగుండేది. ఇంజిన్ మురికిగా ఉందని, బిగించే ముందే ఎమెరీ కాగితంతో రుద్ది, వెండిరంగు పెయింటు రెండు పూతలు వేశాను. ఇంజిన్ మీద అచ్చుకొట్టిన నంబరు మీద కూడా.

ఇంజిన్ మార్చితే 14 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. ఐదో రోజే వెళ్ళాను. ఏ ఆర్టీవో ఆఫీసో చెప్పను. గేటు దగ్గర బ్రోకరు 3,500 అడిగితే, చట్టం తెలిసినవాణ్ణన్న పొగరుతో వద్దన్నాను. ఇన్‌స్పెక్టరు నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాడు. బిల్లులో 8 ఉన్నచోట కాగితం మీద 3 లాంటిదేదో పడింది. ఇంకోసారి రుద్దాడు. ఈసారి 6. ఆయన లేచి, అందరికీ వినబడేలా, "ఈ నంబరు ఎవరు గీకారు?" అని తమిళంలో అడిగాడు. లైసెన్సు కోసం వరుసలో నిలబడ్డ కాలేజీ పిల్లలంతా నావైపు తిరిగారు. శుభ్రం చేశాను సార్ అన్నాను. "దొంగలందరూ శుభ్రమే చేస్తారు" అన్నాడు. వాళ్ళు నవ్వారు. ఇరవై ఏళ్ళుగా మాట్లాడుతున్న తమిళం ఆ క్షణంలో నా నోటికి రాలేదు.

రెండోసారి వెళితే ఆయన సెలవు. మూడోసారి వేరే ఆయన, "ముందు చూసినవారే చూడాలి" అన్నాడు. బ్రోకరు ఇప్పుడు 5,000 అన్నాడు. తప్పు చేయనివాడికి ఇక్కడ రేటు ఎక్కువ కాబోలు.

నిన్న నాన్న తనూ వస్తానన్నారు. సంచిలో పాత టూత్‌బ్రష్షు, చిన్న సీసాలో పెయింటు కరిగించే థిన్నరు తెచ్చుకున్నారు. ఇన్‌స్పెక్టరు చూస్తుండగానే బండి పక్కన గొంతుకూర్చుని ఒక్కో అంకె మీద థిన్నరు చుక్క వేసి, బ్రష్షుతో తోమి, అంచులో మిగిలిన రంగును టూత్‌పిక్కుతో తీశారు. "స్నానం చేయించరా అంటే తోలు ఊడదీశాడు సార్" అన్నారు. ఇన్‌స్పెక్టరు మొదటిసారి నవ్వాడు. ఎమెరీ దెబ్బకు అంకెలు పలచబడ్డాయి కానీ పోలేదు. పెన్సిలు రుద్దితే 8 నిక్కచ్చిగా 8 లాగే పడింది. సంతకం పెడుతూ, బండి అమ్ముతారా అని ఆయన నాన్ననే అడిగాడు, నన్ను కాదు.

పాత ఇంజిన్ ఇంకా బాల్కనీలోనే ఉంది. తుక్కువాడికి వేయమని అమ్మ పోరు. నాన్న మాత్రం రాత్రి దాని నంబరు మీద గ్రీజు రాసి, గుడ్డ చుట్టి, దారంతో కట్టారు.