ఆమ్నిబస్సు బ్యాచ్

మన బ్యాచ్ పూర్వ విద్యార్థుల సంచికకు ఒక పేజీ రాయమని కమిటీ మూడుసార్లు ఫోన్ చేసింది. మూడోసారి మన క్లాస్ లీడర్ గొంతులో పాత బెదిరింపు వినిపించింది, కూర్చున్నాను. ఆరు నుంచి తొమ్మిది దాకా ఏం చదివామో గుర్తు లేదు. పదో తరగతిలో ఆ రెండు రోజులు మాత్రం అలాగే ఉన్నాయి.

‘ఎగ్జామ్’ అని రాసినందుకు ఇంగ్లిష్ సార్ నా కాంపోజిషన్‌లో ఎర్ర సిరాతో రెండు గీతలు గీశారు. “ఎగ్జామినేషన్ అని రాస్తే చెయ్యి అరుగుతుందా? తోక కోసిన మాటలు నా క్లాసులో చెల్లవు.” చివరి బెంచీలో మన పొట్టివాడు లేచాడు. (లేచాడని నమ్మడానికి కాసేపు పట్టింది.) “సార్, మరి బస్సు?” అడిగించింది నేనే. ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను.

మర్నాడు సార్ లావుపాటి నిఘంటువు చంకలో పెట్టుకుని వచ్చారు. “ఓడిపోయాను. ఇది తోక కోసింది కాదు, తల తీసేసి తోక మిగిల్చింది.” ఆమ్నిబస్ అంటే లాటిన్‌లో అందరికీ అని అర్థం, 1829లో లండన్ వీధుల్లో తిరిగిన గుర్రబ్బండి పేరు అదే. అక్కడితో ఆగలేదు. ‘మాబ్’ (అల్లరి మూక; లాటిన్ ‘మొబిలే వల్గస్’కు కత్తిరింపు) లాంటి మాటల మీద 1710లోనే గలివర్ కథ రాసిన జొనాథన్ స్విఫ్ట్ పత్రికలో మండిపడ్డాడట. “ఆయన ఆపలేనిది నేనేం ఆపుతాను” అంటూ కళ్లజోడు తుడుచుకున్నారు. ఆ సాయంత్రం హనుమకొండ చౌరస్తాలో ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ మనం ఎంత గట్టిగా ‘అందరికీ’ అని అరిచామో, కండక్టర్ గారు ఏమన్నారో రాయను. కమిటీ అచ్చు వేయదు.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ చెబుతున్నాను. మాటలు ఎలా పుడతాయన్న పాఠం వచ్చిన రోజు పక్క సెక్షన్ వాళ్లు కూడా వచ్చి కూర్చుంటారు. 1839లో బోస్టన్ పత్రిక ఒకటి ‘ఆల్ కరెక్ట్’ను కావాలనే తప్పు స్పెల్లింగుతో కుదించి ‘ఓకే’ అని వేసిన వేళాకోళం చెబితే వాళ్లకు మహా సంతోషం. బదులుగా వాళ్లు నాకు ‘రిజ్’ నేర్పారు. ‘కరిస్మా’ నుంచి వచ్చిందట, ఎదుటివారిని ఆకట్టుకునే నేర్పు అని అర్థం. కుర్రకారు ఫోన్లలో పుట్టిన ఆ మాటను ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2023కు ఆ ఏటి మాటగా ఎంచుకున్నారు.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు సార్ ఇంటికి వెళ్లి చెప్పాను. “తలా లేదు, తోకా లేదు సార్, నడుము ఒక్కటే మిగిల్చారు.” సార్ చాలాసేపు నవ్వారు. తర్వాత నా వైపు వేలు చూపించి, “నువ్వు మాత్రం?” అన్నారు.

“ఎగ్జామినేషన్ అనే రాస్తున్నాను సార్.”