డిసెంబరులో ఓర్చుకున్న నొప్పి

2023 అక్టోబరులో ఆ నొప్పి మొదటిసారి వచ్చింది. డాలస్ దగ్గర మా అపార్ట్‌మెంట్‌లో వంకాయ వేపుడుతో అన్నం తిన్న గంటకు, కుడివైపు పక్కటెముకల కింద మొదలై భుజం వెనక దాకా పాకింది. గ్యాస్ అనుకుని వాము నమిలాను.

ఏటా చేసే ఆరోగ్య పరీక్షకు వెళ్లినప్పుడు చెబితే డాక్టరు అల్ట్రాసౌండ్ రాశారు. ఏటా చేసే పరీక్ష ఉచితమే, కానీ స్కానింగు కాదు. ఫోను చేసి అడిగితే 400 డాలర్లకు పైనే అన్నారు. నాది డిడక్టబుల్ ఎక్కువగా ఉన్న పాలసీ. ఏడాదిలో మొదటి 3,000 డాలర్లు నేనే కట్టాలి. ఆపైన ఖర్చులో 20 శాతం నాది. నేను కట్టినది 6,000కు చేరాకే మిగతాదంతా బీమా కంపెనీ చూసుకుంటుంది. నూనె తగ్గిస్తే సరిపోతుందిలే అనుకుని స్కానింగు మానేశాను.

ఈ పాలసీని తెలియక తీసుకోలేదు. మామూలు పాలసీ కన్నా ప్రీమియం నెలకు 140 డాలర్లు తక్కువ. దీనితోపాటు వైద్య ఖర్చుల కోసం హెచ్‌ఎస్‌ఏ అనే పొదుపు ఖాతా ఉంటుంది. అందులో వేసిన డబ్బుకు ఆదాయపన్ను లేదు, ఖర్చు కానిది మరుసటి ఏడాదికి మిగులుతుంది. ఒంటరి వ్యక్తికి 2023లో 3,850 డాలర్ల దాకా వేసుకునే వీలుండేది. నా ఖాతాలో ఉన్నది 900. ప్రీమియంలో మిగిలిన 140 ప్రతి నెలా ఖమ్మంలో ఇంటి అప్పుకు వెళ్లేది. ఆ ఖాతా నిండుగా ఉన్నవాళ్లకు ఇది మంచి పాలసీయే. ఖాళీగా ఉన్నవాళ్లకు మాత్రం జబ్బు ముదిరేదాకా అక్కరకు రాని బీమా.

డిసెంబరు 27 రాత్రి వాంతులతో ఎమర్జెన్సీకి వెళ్లాను. పిత్తాశయంలో రాళ్లన్నారు. శుక్రవారమే ఆపరేషన్ చేస్తామన్నారు. ఎంతవుతుందని అడిగితే ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు. ఆలోచించుకుంటానని ఇంటికొచ్చాను.

ఫోనులో అమ్మ, "డబ్బు సంగతి తర్వాత చూసుకుందాం, ముందు చేయించుకో తల్లీ" అంది. వినలేదు. జనవరి 6న చలిజ్వరం పట్టుకుంది. పిత్తాశయానికి ఇన్ఫెక్షన్ సోకింది. ఆ రాత్రే నాలుగు చిన్న కోతలతో తీసేశారు.

అప్పటికి కొత్త సంవత్సరం వచ్చేసింది, డిడక్టబుల్ మళ్లీ సున్నా నుంచి మొదలైంది. డిసెంబరు రాత్రికి 2,700 డాలర్లు, జనవరి ఆపరేషన్‌కు 6,000, మొత్తం 8,700. ఆ శుక్రవారమే ఒప్పుకుని ఉంటే రెండూ కలిపి 6,000 దాటేది కాదు, జ్వరమూ వచ్చేది కాదు.

పది రోజులు పై అంతస్తు అక్క తెచ్చిన చారన్నంతో తేరుకున్నాను. సర్జన్, మత్తు డాక్టరు, ల్యాబ్ విడివిడిగా బిల్లులు పంపారు. నా వంతు ఎంతో చూపిస్తూ బీమా కంపెనీ పంపిన "ఇది బిల్లు కాదు" అనే కాగితాలను ఒక్కొక్కటిగా వాటితో సరిచూసుకున్నాను. ఆసుపత్రి వాళ్లను అడిగితే నెలకు 250 చొప్పున వడ్డీ లేకుండా కట్టడానికి ఒప్పుకున్నారు.

6,000 పూర్తయింది కాబట్టి ఆ ఏడాది నెట్‌వర్క్‌లోని, అంటే బీమా కంపెనీతో ఒప్పందం ఉన్న డాక్టర్ల దగ్గర చికిత్సకు ఇక నేను కట్టేదేమీ లేదు. ఫిబ్రవరిలో, రెండేళ్లుగా వాయిదా వేస్తున్న థైరాయిడ్ పరీక్ష చేయించుకున్నాను. తక్కువగా ఉందని తేలి మందు మొదలుపెట్టారు. నవంబరులో పాలసీ ఎంచుకోమన్నప్పుడు 140 డాలర్లు ఎక్కువైనా మామూలుదే తీసుకున్నాను.