కీమో తర్వాత రెండో వారం

మీ ఆవిడకైనా, మీ ఆయనకైనా కీమో ఎక్కించిన రోజు కంటే ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా కళ్లలో వత్తులేసుకుని చూసుకోండి. ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు బాగా పడిపోయేది సాధారణంగా అప్పుడే. థర్మామీటరు 100.4 చూపిస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరాలి. డాక్టర్ని అడక్కుండా పారాసెటమాల్ వేయకండి. జ్వరం తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల ఇన్ఫెక్షన్ ముదురుతూనే ఉంటుంది. ఊళ్ల నుంచి కర్నూలు ఆసుపత్రికి రావాల్సినవాళ్లు బండి ముందే మాట్లాడిపెట్టుకోండి.

నోరు పూస్తే ఊరిబిండి లాంటి కారప్పచ్చళ్లు పక్కన పెట్టేయండి, పాపం, ఆ మంట తట్టుకోలేరు. సంగటి జారుగా కలిపి, ఆరాక పప్పుకట్టుతో పెట్టండి. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా వంటసోడా, అందులో సగం ఉప్పు వేసి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించమనండి.

ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించుకున్నవాళ్లకు ఎండ ఎంత మండినా కొన్నాళ్లు ఫ్రిజ్ నీళ్లు వద్దు. గొంతు పట్టేస్తుంది, వేళ్లు జివ్వుమంటాయి.